నెగటివ్‌పై మిగిలిన రంగు

కెమెరా నుండి తీసిన ఫిల్మును రసాయనాలతో శుద్ధిచేసి బొమ్మను రప్పించే ప్రక్రియకు ఆంగ్లంలో 'డెవలపింగ్' అని పేరు. తెలుగు ప్రజలు మాత్రం దానిని 'ఫొటోలు కడగడం' అన్నారు. స్టూడియోకు రీలు ఇచ్చివచ్చినవారు 'ఫొటోలు కడిగించడానికి ఇచ్చాం' అనేవారు. ఈ పలుకుబడిలో ఒక శాస్త్రసత్యం ఇమిడి ఉంది. బొమ్మను పుట్టించేది డెవలపర్ అనే ద్రావణమే అయినా, ఆ బొమ్మను పదికాలాలపాటు నిలిపేది దాని తరువాత జరిగే శుద్ధి. ఆ శుద్ధి సరిగా జరిగిందో లేదో తెలిపే సూచనలలో ముఖ్యమైనది నెగటివ్‌పై మిగిలే రంగు.

నలుపు తెలుపుల ఫిల్మును ఇంటివద్దనే కడుక్కొనే అలవాటు నేటికీ కొందరిలో ఉంది. నిజామాబాదు జిల్లా జక్రాన్‌పల్లి వంటి గ్రామంలో కూడా దీనికి ప్రత్యేకమైన ప్రయోగశాల అక్కరలేదు. వెలుతురు చొరని ఒక గది, మూతగల డెవలపింగ్ ట్యాంకు, ఉష్ణమాపకం, కొలపాత్ర, గడియారం, మూడు ద్రావణాలు ఉంటే చాలు. అయితే తొలిసారి ఫిల్మును కడిగి ఆరవేసిన విద్యార్థికి తరచుగా ఒక ఆశ్చర్యం ఎదురవుతుంది. నలుపు, తెలుపు మాత్రమే ఉండవలసిన చోట గులాబి ఛాయ కనిపిస్తుంది. ఒక్కొక్కసారి నీలి ఛాయ, మరొకసారి పాలపొర వంటి తెలుపు, ఇంకొకసారి గోధుమరంగు మరక కనిపిస్తాయి. వీటిలో కొన్ని నిరపాయకరమైనవి. కొన్ని మాత్రం రాబోయే నష్టానికి ముందస్తు హెచ్చరికలు. ఏది ఏదో గుర్తించలేనివాడు మంచి నెగటివ్‌ను పాడుచేసుకొంటాడు, లేదా పాడవుతున్న నెగటివ్‌ను మంచిదని నమ్మి పెట్టెలో దాచుకొంటాడు.

రంగు ఎక్కడినుండి వచ్చిందో తెలియాలంటే ఫిల్ము నిర్మాణం తెలియాలి. పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టీ దానికి ఆధారం. దానిమీద జిలటిన్ పూత ఉంటుంది. ఆ జిలటిన్‌లో వెండి లవణాల స్ఫటికాలు కంటికి కనిపించనంత సూక్ష్మంగా పరచుకొని ఉంటాయి. వెలుతురు తగిలిన స్ఫటికాలను డెవలపర్ నల్లని లోహపు వెండిగా మారుస్తుంది. వెలుతురు తగలని స్ఫటికాలు అలాగే మిగిలిపోతాయి. వాటిని తొలగించకపోతే కాలక్రమంలో అవి కూడా నల్లబడి బొమ్మను మింగివేస్తాయి. ఆ మిగులు లవణాలను కరిగించి తీసివేసేది ఫిక్సర్. దానిలోని ప్రధాన ద్రవ్యం థయోసల్ఫేట్. దీనినే ఛాయాగ్రాహకులు 'హైపో' అంటారు. ఈ పదార్థానికి వెండి లవణాలను కరిగించే గుణం ఉన్నదని ఇంగ్లండుకు చెందిన జాన్ హెర్షెల్ 1819లోనే గుర్తించాడు. ఇరవై ఏండ్ల తరువాత, 1839లో ఫొటోగ్రఫీ లోకానికి వెల్లడి అయినప్పుడు, బొమ్మలను స్థిరపరచడానికి అదే మార్గమని ఆయన చూపాడు. నాటినుండి నేటివరకు ఆ సూత్రం మారలేదు.

ఇంతవరకు వచ్చిన కథలో రంగుకు తావు లేదు. దానిని ఫిల్ములోకి తెచ్చినవాడు జర్మనీ రసాయన శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఫోగెల్. వెండి లవణాలు స్వభావసిద్ధంగా నీలికాంతికి మాత్రమే స్పందిస్తాయి. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు కాంతులు వాటికి దాదాపుగా చీకటితో సమానం. తంగేడు పూలతో పేర్చిన బతుకమ్మను ఆ కాలపు పలకలమీద చిత్రీకరిస్తే, బంగారువన్నె పూలన్నీ నల్లని ముద్దగా కనిపించేవి. వెండి లవణాలకు కొన్ని రంజక ద్రవ్యాలను, అంటే రంగునిచ్చే పదార్థాలను జోడిస్తే అవి ఇతర కాంతులను కూడా గ్రహిస్తాయని ఫోగెల్ 1873లో కనుగొన్నాడు. నలుపు తెలుపుల ఫిల్ము రంగుల ప్రపంచాన్ని సహజమైన ఛాయలలో చూపగలగడానికి ఈ రంజకాలే కారణం. అవి తమ పని ముగిసిన తరువాత ఫిక్సర్‌లోను, నీటిలోను కరిగి వెళ్లిపోవాలి. వెళ్లకపోతే నెగటివ్‌పై రంగుగా మిగులుతాయి.

కనుక నెగటివ్‌పై కనిపించే రంగులను మూడు తెగలుగా విభజించవచ్చు. తయారీదారు ఉద్దేశపూర్వకంగా ఉంచిన రంగు మొదటిది. వెళ్లిపోవలసి ఉండి వెళ్లకుండా మిగిలిన రంగు రెండవది. కడిగే ప్రక్రియలో లోపం వలన కొత్తగా పుట్టిన రంగు మూడవది.

మొదటి తెగకు చికిత్స అక్కరలేదు. 35 మిల్లీమీటర్ల ఫిల్ములలో అనేకం ఎంత కడిగినా అద్దంలా తేటపడవు, లేత బూడిదరంగులో ఉంటాయి. రీలు కొస వెలుతురులో ఉన్నప్పుడు ఆ వెలుతురు ప్లాస్టిక్ పట్టీ గుండా లోపలికి పాకి బొమ్మలను చెరపకుండా ఆ రంగును ఆధారంలోనే కలుపుతారు. అదే సంస్థ తయారుచేసిన వెడల్పాటి 120 ఫిల్ములో ఆ ఛాయ కనిపించకపోవచ్చు. అందువలన ఒక రకం ఫిల్మును మరొక రకంతో పోల్చి బెంగపడరాదు. అలాగే డెవలపర్‌కు ముందు ట్యాంకులో నీరు పోసి వంచినప్పుడు ఆ నీరు ముదురు నీలంగానో ఆకుపచ్చగానో రావచ్చు. వెలుతురు ఫిల్ము వెనుక భాగాన తగిలి తిరిగి రాకుండా అడ్డుకొనే పూతలోని రంగు అది. బయటకు వచ్చిన రంగు మేలునే సూచిస్తుంది. చింతించవలసినది లోపల మిగిలిన రంగు గురించి.

రెండవ తెగలో ప్రసిద్ధమైనది గులాబి ఛాయ. కొడాక్ సంస్థ 1986లో విడుదల చేసిన టి-మాక్స్ వంటి ఫిల్ములలో ఇది అధికంగా కనిపిస్తుంది. పాత ఫిల్ములలోని వెండి స్ఫటికాలు గులకరాళ్లవంటి ఆకారంలో ఉండగా, ఈ కొత్త ఫిల్ములలో అవి పలుచని పలకల ఆకారంలో ఉంటాయి. పలకకు ఉపరితలం ఎక్కువ. ఉపరితలం ఎక్కువైన కొద్దీ దానిని అంటిపెట్టుకొనే రంజకమూ ఎక్కువే. అందుచేత వీటికి ఫిక్సర్‌లో ఎక్కువ సమయం కావాలి, ఫిక్సర్ కూడా త్వరగా బలం కోల్పోతుంది.

ఈ గులాబి ఛాయ స్వభావాన్ని గ్రహించడానికి పసుపు పండే ఆర్మూరు, జక్రాన్‌పల్లి ప్రాంతాలవారికి వేరే ఉపమానం అవసరం లేదు. బట్టమీద పడ్డ పసుపు మరక సబ్బు తగలగానే ఎర్రబడుతుంది, ఎండలో ఆరవేస్తే క్రమంగా వెలిసిపోతుంది. రంజకాల నడవడి అటువంటిదే. ఆమ్ల క్షార గుణాలనుబట్టి వాటి రంగు మారవచ్చు. వెలుతురుకు అవి వెలిసిపోతాయి. గులాబి ఛాయగల నెగటివ్‌ను కొన్ని రోజులు కిటికీ వెలుతురులో ఉంచితే ఛాయ తగ్గడానికి కారణం ఇదే. అయితే ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉంది. ఎండ రంగును మాత్రమే తీసివేస్తుంది. ఫిక్సర్ చాలకపోవడం వలన జిలటిన్‌లో మిగిలిన వెండి లవణాలను అది తీయలేదు. జ్వరమాపకంలోని సూచీని దింపినంత మాత్రాన రోగికి జ్వరం తగ్గదు. కాబట్టి ముదురు గులాబి కనిపించినప్పుడు మొదట చేయవలసిన పని కొత్త ఫిక్సర్‌లో ఫిల్మును మరల ముంచడం. అటుపిమ్మట లీటరు నీటికి సుమారు 20 గ్రాముల సోడియం సల్ఫైట్ కలిపిన ద్రావణంలో రెండు నిమిషాలు ఆడించి, మంచినీటితో కడగాలి. అప్పటికీ చాలా లేత ఛాయ మిగిలితే అది బొమ్మకు హానిచేయదు. సమానంగా పరచుకొన్న లేత ఛాయ ముద్రణలో చెప్పుకోదగిన తేడాను చూపదు.

సోడియం సల్ఫైట్ పేరు కొత్తగా తోచినా ఆ కుటుంబం చెరకు సీమకు పరాయిది కాదు. మన దేశంలోని అనేక చక్కెర మిల్లులలో చెరకు రసాన్ని సున్నంతోను, గంధకపు వాయువుతోను శుద్ధిచేస్తారు. అప్పుడు ఏర్పడే కాల్షియం సల్ఫైట్ రసంలోని మలినాలను తనతో కిందికి దింపుతుంది, గంధకపు వాయువు రసం రంగును విరుస్తుంది. ఫిల్ము విషయంలో సల్ఫైట్ చేసే పని కొంత భిన్నమైనది. అది జిలటిన్‌లో చిక్కుకొన్న హైపోను, రంజకాన్ని సులభంగా బయటకు వదిలేటట్లు చేస్తుంది.

ఫిల్ము తేటగా కాక పాలు పూసినట్లు కనిపిస్తే కారణం స్పష్టమే. వెండి లవణాలు ఇంకా పోలేదు. ఫిక్సర్ పాతబడిపోయి ఉండాలి, లేదా సమయం చాలకపోయి ఉండాలి. ఆలస్యం చేయకుండా కొత్త ఫిక్సర్‌లో ముంచితే ఈ లోపం పూర్తిగా తొలగుతుంది. ఇటువంటి చిక్కు రాకుండా ముందుగానే చేసుకొనగల చిన్న పరీక్ష ఒకటి ఉంది. వాడని ఫిల్ము ముక్కను వెలుతురులోనే కొత్త ఫిక్సర్‌లో వేసి, అది పూర్తిగా తేటపడడానికి పట్టిన సమయాన్ని గుర్తించాలి. నెగటివ్‌లను దానికి కనీసం రెట్టింపు సమయం ఫిక్సర్‌లో ఉంచాలి. కొన్ని రీళ్లు కడిగిన తరువాత అదే పరీక్షను మళ్లీ చేసినప్పుడు తేటపడే సమయం మొదటిదానికి రెండింతలైతే ఆ ఫిక్సర్‌ను విడిచిపెట్టాలి.

తేటపడగానే తీసివేయకుండా రెట్టింపు సమయం ఎందుకు అనే సందేహం కలగవచ్చు. వెండి లవణాలు ఒక్క అడుగులో నీటిలో కరగవు. మొదట హైపోతో కలిసి సులభంగా కరగని సమ్మేళనంగా మారతాయి. మరికొంత హైపో అందినప్పుడు మాత్రమే బాగా కరిగే సమ్మేళనంగా మారి బయటికి వస్తాయి. మొదటి దశలోనే ఫిల్ము కంటికి తేటగా కనిపిస్తుంది. అక్కడ ఆపితే సగం కరిగిన వెండి జిలటిన్‌లోనే ఉండిపోతుంది. ఎంత నీరు పోసినా దానిని తీయడం సాధ్యం కాదు.

ఆ మిగులు ఏమవుతుందో తెలిపేది పసుపు, గోధుమరంగు మరకల తెగ. వెండి పట్టీలు గాలిలోని గంధకం సోకి నల్లబడడం ప్రతి ఇంటా చూసే విషయమే. హైపోలోనూ గంధకం ఉంది. సరిగా కడగని ఫిల్ములో మిగిలిన హైపో కాలక్రమంలో విచ్ఛిన్నమై, వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడ్‌గా మారుతుంది. అప్పుడు బొమ్మ పసుపుబారుతుంది, గోధుమరంగుకు తిరుగుతుంది, చివరకు వెలిసిపోతుంది. ఈ లోపం కడిగిన రోజున కనిపించదు. నెలలో ఏండ్లో గడిచిన తరువాత బయటపడుతుంది. అప్పటికి బొమ్మలో ఉన్న మనిషి లోకంలో ఉండకపోవచ్చు. అందుకే రంగుల సమస్యలన్నింటిలో ఇది తీవ్రమైనది. గులాబి ఛాయను చూసి భయపడేవారు, ఏ రంగూ లేకుండా మెరిసే ఫిల్ములో దాగిన హైపోను శంకించరు. ఆరిన వెంటనే మరకలు కనిపిస్తే మాత్రం కారణం వేరు. గాలి తగిలి ముదిరిన డెవలపర్‌ను వాడడం అందుకు మూలం కావచ్చు. గోధుమరంగుకు తిరిగిన డెవలపర్‌ను పొదుపు పేరుతో వాడరాదు. పైరోగాలాల్ కలిసిన కొన్ని డెవలపర్లు మాత్రం స్వభావసిద్ధంగానే నెగటివ్‌కు పసుపు, ఆకుపచ్చ ఛాయలను ఇస్తాయి. అది లోపం కాదు, ఆ పద్ధతిలో కోరి తెచ్చుకొనే ఫలితం.

గులాబి రంజకాన్ని పోలి భ్రమపెట్టే మరొక లోపం రెండు రంగుల పొర. ఫిల్మును వెలుతురుకు అడ్డంగా పట్టి చూస్తే ఎర్రగాను, వెలుతురు దానిపై పడేటట్లు వంచి చూస్తే ఆకుపచ్చని లోహపు మెరుపుతోను ఇది కనిపిస్తుంది. రంజకమైతే ఇటువంటి మెరుపు ఉండదు. ఈ పొర అతిసూక్ష్మమైన వెండి రేణువులతో ఏర్పడుతుంది. డెవలపర్ ఫిక్సర్‌లోకి ఎక్కువగా చేరినప్పుడు, లేదా ఫిక్సర్ బలహీనపడినప్పుడు, రెండు పనులూ ఒకేచోట జరిగి కరిగిన వెండి తిరిగి ఫిల్ముమీద పేరుకొంటుంది. ఏర్పడిన పొరను తొలగించడం కష్టం, నివారించడం సులభం. డెవలపర్‌ను పూర్తిగా వంచివేసి, పలుచని ఎసిటిక్ ఆమ్లంతో చేసిన స్టాప్ బాత్‌ను అర నిమిషం వాడితే చాలు.

ఈ సూత్రాలు లోకంలో అన్నిచోట్లా ఒకటే అయినా, ఊరి నీరు, ఊరి ఎండ వాటి ఆచరణను మారుస్తాయి. ఫిల్ము తయారీదారుల పట్టికలు సాధారణంగా 20 డిగ్రీల సెల్సియస్‌ను ప్రమాణంగా తీసుకొంటాయి. నిజామాబాదు ప్రాంతంలో వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీలను తాకే రోజులున్నాయి. అటువంటి రోజులలో కుళాయినీరు సైతం వెచ్చగా ఉంటుంది. వేడి ద్రావణంలో డెవలపింగ్ మితిమీరిన వేగంతో సాగి ఫిల్మంతా బూడిదరంగు మసక కమ్ముతుంది. చల్లని ద్రావణం తరువాత హఠాత్తుగా వెచ్చని నీరు తగిలితే జిలటిన్ ముడతలుపడి బొమ్మ చెదరవచ్చు. మంచుగడ్డను ద్రావణంలో వేయరాదు, అది కరిగి ద్రావణాన్ని పలుచబరుస్తుంది. ద్రావణాల సీసాలను, కడిగే నీటిని కలిపి మంచునీటి తొట్టెలో నిలిపి, అన్నింటినీ ఒకే ఉష్ణోగ్రతకు తేవాలి. కుండనీటి చల్లదనం కూడా కొంత తోడ్పడుతుంది. 24 డిగ్రీల వద్ద పనిచేయదలచినవారు పట్టికను అనుసరించి సమయాన్ని తగ్గించుకోవాలి.

నీటి విషయం మరొకటి. తెలంగాణ గ్రామాలలో అనేకచోట్ల బోరుబావి నీరు కఠిన జలం. అందులో కాల్షియం, మెగ్నీషియం లవణాలుంటాయి. ఆ నీటిలో కడిగి ఆరవేసిన ఫిల్ముపై సున్నపు చుక్కలు తెల్లగా నిలుస్తాయి. ఇవి పాలపొరను పోలి ఉన్నా దానివలె అంతటా పరచుకోక, నీటిబొట్టు ఆరినచోట వలయాకారంలో కనిపిస్తాయి. చివరి కడుగుకు స్వేదన జలం వాడి, అందులో ఒకటి రెండు చుక్కల వెటింగ్ ఏజెంటు కలిపితే ఈ సమస్య తీరుతుంది. ద్రావణాలను కలపడానికి కూడా స్వేదన జలమే శ్రేయస్కరం.

నీటి కొరత ఉన్నచోట ఎడతెగక పారే కుళాయి కింద ఫిల్మును ఉంచడం సాధ్యం కాదు, అవసరమూ లేదు. ఇల్‌ఫోర్డ్ సంస్థ సూచించిన పద్ధతిలో ట్యాంకును నీటితో నింపి 5 సార్లు తలకిందులు చేసి వంచివేయాలి. మరల నింపి 10 సార్లు, మూడవసారి నింపి 20 సార్లు అలాగే చేయాలి. జిలటిన్‌ను గట్టిపరచే ద్రవ్యాలు లేని ఫిక్సర్ వాడినప్పుడు ఈ మూడు మార్పులు చాలును. హైపో నీటిలోకి క్రమంగా వ్యాపిస్తుంది గనుక, నీటి పరిమాణం కంటె నీటిని మార్చడమే ముఖ్యం. వాడివేసిన ఫిక్సర్‌లో కరిగిన వెండి ఉంటుంది. దానిని బావి దగ్గరగాని, కాలువలోగాని పారబోయడం జలచరాలకు హానికరం. వేరుగా నిల్వచేసి, వెండిని రాబట్టేవారికి లేదా రసాయన వ్యర్థాలను స్వీకరించేవారికి అప్పగించాలి.

ఇప్పుడు పరీక్షించే క్రమాన్ని సంగ్రహించవచ్చు. మొదట బొమ్మలకు నడుమ ఖాళీగా ఉన్న భాగాన్ని తెల్లకాగితంపై ఉంచి చూడాలి. రంగు సమానంగా ఉన్నదో, మరకలుగా ఉన్నదో గమనించాలి. తరువాత ఫిల్మును వంచి లోహపు మెరుపు ఉన్నదేమో చూడాలి. పాలపొర ఉంటే ఫిక్సర్‌ను, గులాబి ఛాయ ఉంటే ఫిక్సర్‌తోపాటు కడిగిన తీరును, మెరుపు ఉంటే స్టాప్ బాత్‌ను, చుక్కలుంటే నీటిని విచారించాలి. ఒక్కసారి ఒక్క అంశాన్ని మాత్రమే మార్చి ఫలితం చూడాలి. అన్నింటినీ ఒకేసారి మార్చినవాడికి సమస్య తీరినా కారణం తెలియదు. ఫిల్ము పేరు, ద్రావణం కలిపిన తేది, ఉష్ణోగ్రత, సమయం, ఎన్నవ రీలు అన్న వివరాలను పుస్తకంలో రాసుకొనడం అన్ని పరికరాలకంటె విలువైన పరికరం. విలువైన రీలును కడిగే ముందు, పనికిరాని బొమ్మలు తీసిన రీలును కడిగి చూడడం వివేకం. ఎందుకంటే డెవలపర్‌లో పడిన ఫిల్ముకు రెండవ అవకాశం లేదు.

ఈ శ్రద్ధ ఎంతటి ఫలితాన్నిస్తుందో తెలుగునేలమీద పనిచేసిన ఒక మహాఛాయాగ్రాహకుని కృషి తెలుపుతుంది. 1844లో జన్మించి ఆరవ నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ 1905లో మరణించాడు. ఆయన స్టూడియోకు చెందిన 2,800కు పైగా గాజు నెగటివ్‌లను న్యూఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో సేకరించింది. ఆనాటి హైదరాబాదు భవనాలు, దర్బారులు, మనుషులు నేటికీ కంటికి కనిపిస్తున్నారంటే, ఆ చీకటి గదులలో హైపోను, నీటిని నిర్లక్ష్యం చేయని చేతులున్నాయన్నమాట.

సామాన్యుల చరిత్రకు అటువంటి కళాకేంద్రాలు ఉండవు. 1937లో బోధన్‌లో నెలకొన్న నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. ఉదకమండలంలో 1960లో స్థాపితమై 'ఇందు' పేరుతో ఫిల్మును అందించిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ సంస్థ సైతం ఉత్పత్తి నిలిపివేసింది. చెరకు బండ్ల వరుసలు, మిల్లు కార్మికుల కుటుంబాలు, పెండ్లి పందిళ్లు, బడిపిల్లల గుంపులు ఎవరైనా ఫిల్ముపై చిత్రించి ఉంటే, అవి ఇండ్లలోని పెట్టెలలో నెగటివ్ పట్టీలుగానే ఉండాలి. వాటిని తెరిచి చూసే యువతీయువకులు పసుపుబారిన పట్టీని చెత్తగా భావించి పారవేయకుండా, పొడిగా, చల్లగా, కాగితపు తొడుగులలో భద్రపరచి, డిజిటల్ ప్రతిని తీసుకొనడం కర్తవ్యం. తామే కొత్తగా కడిగే రీలు విషయంలో మరి రెండు నిమిషాల ఫిక్సర్‌ను, మరొక మారు నీటిని లోభించకపోవడం అంతకంటె ముఖ్యమైన కర్తవ్యం. 'ఫొటోలు కడగడం' అన్న తెలుగుమాట చేసే హెచ్చరిక కూడా ఇదే.